ఇద్దరిలో ఎవరికి?

ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసిన మనిషి కూరల బండి దగ్గర 500 నోటిచ్చి, చిల్లర తీసుకోకుండానే ఇంటికొచ్చేశారు. బండి అబ్బాయి తెలిసినవాడు కాబట్టి వెనకాలే వచ్చి ఇచ్చి వెళ్లాడు. ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. 'ఎంతమందికి టికెట్ వెనక చిల్లర రాసిచ్చి ఇవ్వకుండా దిగిపోయావో నాన్నా, ఆ పాపం ఊరికే పోతుందా' అని కూతురు ఫోనులో ఆటపట్టించింది కూడా.

నెల తిరిగేసరికి నవ్వడం మానేశారు. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారాయన. పక్క వీధిలో పెళ్లికి శుభలేఖ చూసుకుని మరీ తయారై, తీరా మర్నాడు వెళ్లారు. ఇవన్నీ ఒక ఎత్తు. ఒక ఆదివారం నరసరావుపేటలో గుంటూరు బస్సెక్కి, కూతురింటి దగ్గర దిగాల్సినవారు దిగకుండా బస్టాండు దాకా వెళ్లిపోయి, అక్కడ బెంచీ మీద అరగంట కూర్చుండిపోవడం ఒక ఎత్తు. ఆయన సర్వీసులో సగం ఆ రూట్లోనే గడిచింది. సాతులూరు, ఫిరంగిపురం, పేరేచర్ల... నిద్రలో లేపి అడిగినా స్టేజీలు వరసగా చెప్పేవారు. టికెట్లు కొట్టే మిషన్లు రాకముందు, కిక్కిరిసిన బస్సులో ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎవరికి ఎంత బాకీనో బుర్రలోనే ఉంచుకున్న మనిషి. రిటైరై పదహారేళ్లయినా వీధిలో అందరికీ ఇప్పటికీ 'కండక్టరుగారే'.

హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి కబురు వెళ్లింది. అక్కా తమ్ముళ్లిద్దరూ రాత్రి పదకొండింటి దాకా ఫోన్లో మాట్లాడుకున్నారు. 'నాన్నకి అల్జీమర్సేమో అక్కా' అన్నాడు తమ్ముడు, ఇంటర్నెట్‌లో చదివిన నాలుగు ముక్కల బలంతో. 74 ఏళ్లు, షుగరు, మతిమరుపు, చిరాకు. అన్నీ సరిపోయాయి.

అందరికంటే ఎక్కువ బాధపడింది తల్లి. 'మీ నాన్నకి మతి బొత్తిగా పోతోందర్రా' అని కూతురికి చెప్పింది. గంట తర్వాత మళ్లీ ఫోన్ చేసి మళ్లీ చెప్పింది. సాయంత్రం ఇంకోసారి. పాపం, ఎంత బెంగ పెట్టుకుందో అనుకున్నారు పిల్లలు.

మన ఇళ్లలో ఒక చిత్రం ఉంది. ముసలితనంలో మనిషి మారితే మనకు చటుక్కున గుర్తొచ్చే మాట 'చాదస్తం'. అడిగిందే అడిగితే చాదస్తం. చెప్పిందే చెప్తే చాదస్తం. దాచినచోటు మర్చిపోతే వయసు. మాట తడబడితే వయసు. ఆ రెండు మాటల వెనక ఎన్ని జబ్బులు హాయిగా దాక్కుంటాయో లెక్కలేదు. ఆ ఇంట్లో దాక్కున్నవి ఒకటి కాదు, రెండు.

గుంటూరులో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. స్కానింగ్ రాసిచ్చి పంపేస్తారేమో అనుకున్న కొడుక్కి మొదటి ప్రశ్నే విచిత్రంగా తోచింది. 'ఆయన వాడే మందులన్నీ తెచ్చారా?' తేలేదు. చీటీలున్నాయి, మందుల్లేవు. 'చీటీలు కాదు, ఇంట్లో ఉన్న డబ్బా మొత్తం తీసుకురండి. ఆయనే కొనుక్కున్నవి, ఎవరో ఇచ్చినవి, నాటుమందులు, అన్నీ. ఇంకో మాట. రోజంతా ఆయనతో ఇంట్లో ఉండేదెవరు? ఆవిణ్ని కూడా వెంటబెట్టుకు రండి' అన్నారు డాక్టరు.

రెండోసారి నలుగురూ వెళ్లారు. డాక్టరు ముందు పెద్దాయన్ని పరీక్షించారు. తారీఖు, వారం చెప్పారాయన, కాస్త ఆలస్యంగా. వందలోంచి ఏడు తీసేయమంటే 93. అందులోంచి ఏడు తీస్తే 86, ఆ తర్వాత 79. అక్కడ ఆగి 'ఎందాకా వచ్చాను?' అన్నారు. చిల్లర లెక్కల మనిషి అలా ఆగడం చూసి కూతురు తలొంచుకుంది. డాక్టరు అయిదు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నారు. కాసేపు పోయాక అడిగితే మూడే వచ్చాయి. 'ఇంకోటి ఒక పువ్వు' అనగానే 'మందారం' అన్నారాయన. 'మరోటి వంటింటి సామాను' అంటే 'గరిటె' అన్నారు. డాక్టరు ఏదో రాసుకున్నారు. అంటే ఆ మాటలు బుర్రలోకి వెళ్లాయి, పైకి తీయడానికే ఇబ్బంది పడుతున్నాయి. అందిస్తే వస్తున్నాయి. అల్జీమర్స్‌లో సాధారణంగా అసలు లోపలికే వెళ్లవు, ఎంత అందించినా ఉపయోగం ఉండదు. ఈ ఒక్కదానితోనే తీర్పు చెప్పేయరు గానీ, అనుభవమున్న డాక్టరు దీన్ని వదిలిపెట్టరు.

తర్వాత ఆయన భార్య వైపు తిరిగారు.

'ఎన్నాళ్లుగా ఇలా ఉంటున్నారమ్మా మీ వారు?'

ఆవిడ నవ్వి మొగుడి వైపు చూసింది. 'ఏవండీ, ఎన్నాళ్లుగా అంటారు?'

గదిలో అందరూ నవ్వారు. డాక్టరు కూడా. 'రాత్రిపూట బాగా నిద్రపోతారా?' ఆవిడ మళ్లీ అటే తిరిగింది. 'ఇవాళ పొద్దున ఏం టిఫిన్ చేశారు?' 'ఏముంది బాబూ, రోజూ చేసేదే' అని మళ్లీ తల తిప్పింది. 'ఉప్మా' అన్నారాయన, తల వంచుకునే. నాలుగో ప్రశ్నకు కూడా తల అటే తిరిగేసరికి డాక్టరు నవ్వడం మానేసి, పెన్ను బల్లమీద పెట్టారు.

న్యూరాలజీలో ఇదొక తెలిసిన గుర్తే. ప్రశ్న అడిగిన ప్రతిసారీ జవాబు కోసం పక్కనున్న మనిషి వైపు తల తిప్పడం. దీన్ని కొలవడానికి యంత్రం అక్కర్లేదు, చూసే కళ్లుంటే చాలు. మన దగ్గర మాత్రం ఇది కంటికి ఆనదు. ఆ తరం ఇల్లాళ్లు డాక్టరు అడిగితే భర్త వైపు చూడటంలో వింతేముంది? మర్యాద అనుకుంటాం.

డాక్టరు పెద్దాయన్ని కాసేపు బయట కూర్చోమన్నారు. 'సార్, జబ్బు నాన్నకి...' అని కొడుకు ఏదో అనబోయాడు. 'తెలుసు, ఒక్క పది నిమిషాలు' అన్నారు. పెద్దాయన లేవలేదు. 'ఆవిడ కొత్తవాళ్లతో మాట్లాడదండీ' అన్నారు. మొత్తానికి కూతురు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది.

'ఇది ఏ నెలమ్మా?'

'క్యాలెండరు చూసేది ఆయనే బాబూ.'

'ఎంతమంది మనవలు?'

'దేవుడి దయవల్ల అందరూ బాగున్నారు.'

మాట తీరులో లోపం లేదు. నవ్వు ముఖం, చక్కటి మర్యాద. జవాబు మాత్రం లేదు. అది ఒకటికి పదిసార్లు వింటే గానీ తెలియదు. ఆవిడ చదివింది అయిదో తరగతి. అందుకని డాక్టరు ఏడుల లెక్క అడగలేదు, గడియారం బొమ్మ గీయమనలేదు. నిమిషంలో ఎన్ని కూరగాయల పేర్లు చెప్పగలరో చెప్పమన్నారు. నలభై ఏళ్లు కూరల బండితో బేరమాడిన మనిషి, 'వంకాయ, బెండకాయ, టమాటా... వంకాయ... దొండ' అని ఆగిపోయింది. అగ్గిపుల్లలు నాలుగు ఒక వరసలో పేర్చి, అలాగే పేర్చమన్నారు. ఆవిడ వాటిని చేతిలోకి తీసుకుని, పోగుచేసి, అగ్గిపెట్టెలో పెట్టేసింది.

ఈ పరీక్షల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ప్రపంచమంతా ఎక్కువగా వాడిన 30 మార్కుల పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. చదవడం, రాయడం వచ్చినవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది అది. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పలక పట్టని మన అమ్మమ్మకు పెడితే, జబ్బు లేకపోయినా తప్పుతుంది. అటువైపు బాగా చదువుకున్న పెద్దమనిషి లోపల జబ్బు మొదలైనా మంచి మార్కులతో పాసైపోతాడు. అందుకే హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్లు ఇలాంటి పరీక్షల్ని తెలుగుకు, మన అలవాట్లకు తగ్గట్టు మార్చి వాడారు. ఐసీఎంఆర్ కూడా తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో పరీక్షల సెట్టు రూపొందించింది. నిమ్స్ నుంచే 2013లో మరో ముచ్చట బయటికొచ్చింది. 648 మంది డెమెన్షియా రోగుల్ని పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే హైదరాబాదీలకు ఇది విని కాస్త సంబరంగానే ఉంటుంది. రెండో భాష వస్తే జబ్బే రాదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

డాక్టరు కూతుర్ని పిలిచి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. 'అమ్మ ఇదివరకు చేస్తూ, ఇప్పుడు మానేసిన పనులేమైనా ఉన్నాయా?'

కూతురు చాలాసేపు మాట్లాడలేదు. చీటీలు. వీధిలో ఇరవై మందితో చీటీ నడిపేది తల్లి. నోటుబుక్కు ఉండేది గానీ దాన్ని తెరిచే అవసరం రాలేదు. ఎవరు ఏ నెల పాడారు, ఎంతకు పాడారు, ఎవరు రెండు వాయిదాలు ఎగ్గొట్టారు, అంతా నోటికే. నాలుగేళ్ల కిందట 'ఓపిక లేదే' అని మానేసింది. మంచిదే, ఇంకా ఎందుకు ఆ తలనొప్పి అని అందరూ మెచ్చుకున్నారు. వంట. ఏడాదిన్నర నుంచి వంట తండ్రిదే. 'కాలక్షేపానికి నేర్చుకున్నానమ్మా' అంటే, ఈ వయసులో అమ్మకు ఎంత సాయమో అని కూతురు తన మొగుడికి కూడా చెప్పి దెప్పింది.

ఆ తర్వాత ముగ్గులు గుర్తొచ్చాయి. ప్రతి సంక్రాంతికీ తల్లి ముగ్గుతో సహా వాకిలి ఫొటో తీయడం కూతురి అలవాటు. ఫోను తీసి వెనక్కి వెళ్లింది. 2020లో 21 చుక్కల ముగ్గు, గీత ఎక్కడా చెదరకుండా. 2022కి పదకొండు చుక్కలు. 2023లో చుక్కల్లేవు, ఒక పెద్ద పద్మం. 2024లో మెలికల ముగ్గు వేయబోయినట్టుంది, గీతలు కలవాల్సిన చోట కలవలేదు. 2025లో నాలుగు గీతలు, మధ్యలో పసుపు. ఫొటోలు తీసింది ఆ అమ్మాయే. వాట్సప్‌లో అందరికీ పంపింది కూడా. పక్కపక్కన పెట్టి చూసింది మాత్రం ఆ రోజే, డాక్టరు బల్ల ముందు నిలబడి.

'ఎప్పట్నుంచి' అన్న ప్రశ్నకు అంత విలువ ఉంది. గంటల్లో, రోజుల్లో మనిషి అయోమయంలో పడితే, నిన్నటి దాకా బాగున్నవాళ్లు ఇవాళ ఊళ్లో పేర్లన్నీ కలిపేస్తుంటే, అది డెమెన్షియా అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో సోడియం పడిపోయి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. వారాల్లో మార్పొస్తే డాక్టరు 'ఈమధ్య ఎక్కడైనా పడ్డారా' అని అడుగుతారు. బాత్రూములో చిన్నగా తల తగిలినా పెద్దవాళ్లలో మెదడు పైపొర కింద రక్తం నెమ్మదిగా చేరుతుంది. దెబ్బ సంగతి అందరూ మర్చిపోయాక, నెలకో రెండు నెలలకో మగత, మరుపు మొదలవుతాయి. సర్జరీతో చాలామంది కోలుకుంటారు. నడక మారి అడుగులు నేలకు అంటుకున్నట్టు పడుతూ, మూత్రం ఆపుకోలేక, దానికి మరుపు తోడైతే మెదడులో నీరు చేరిందేమో చూస్తారు. థైరాయిడ్ తగ్గినా అంతే, దిగులు జబ్బు పట్టినా అంతే. చెవుడు సంగతైతే చెప్పక్కర్లేదు, వినపడని మాట గుర్తెలా ఉంటుంది? ఏళ్ల తరబడి, ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేనంత మెల్లగా వచ్చేది వేరు. ఆ ఇంట్లో తండ్రిది నెలల కథ. తల్లిది ఏళ్ల కథ.

బయట బెంచీ మీద కొడుకు వెళ్లి పక్కన కూర్చోగానే పెద్దాయనకు అర్థమైపోయింది. దాచిందంతా అక్కడే చెప్పేశారు.

రెండేళ్లుగా ఆవిడ రాత్రి రెండింటికి లేచి, తెల్లవారిందనుకుని చీపురు పట్టుకుని వాకిలి ఊడ్వడానికి బయల్దేరేది. మొదట్లో పిలిస్తే వచ్చేది. తర్వాత ఒకసారి వీధి చివరి దాకా వెళ్లిపోయింది. అప్పట్నుంచి తలుపుకు తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకున్నారాయన. ఆవిడ లేవడం, ఈయన లేచి సముదాయించి పడుకోబెట్టడం, మళ్లీ ఈయనకు నిద్రపట్టకపోవడం. డిపోలో కలిసి పనిచేసిన స్నేహితుడు ఒక నిద్రమాత్ర పేరు చెప్పాడు. మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చారు. అర మాత్రతో మొదలై ఒకటైంది, ఒకటిన్నరైంది. మూడింటికి మాత్ర వేసుకుంటే పొద్దున పది దాకా తల దిమ్ముగా ఉండేది. ఆ దిమ్ములోనే వంట, ఆ దిమ్ములోనే బిల్లులు, బస్సు.

'మాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా నాన్నా' అన్నాడు కొడుకు.

'చెప్తే ఏం చేస్తార్రా? నువ్వు నన్ను హైదరాబాద్ తీసుకుపోతావు, అక్క దాన్ని గుంటూరు తీసుకుపోతుంది. ఎన్ని ఇళ్లలో చూడలేదు? బస్సెక్కించింది నేనే. ఆయనో చోటికి, ఆవిడో చోటికి.'

కొడుకు దగ్గర జవాబు లేదు. నిజానికి అక్కా తమ్ముళ్లు ఫోన్లో మాట్లాడుకున్నది కూడా అదే.

రిపోర్టులు వచ్చాయి. ఆయన రక్తంలో బీ12 విటమిన్ 128 ఉంది. 200 కన్నా తగ్గితే తక్కువ కిందే లెక్క. ఆయన షుగరు కోసం పదహారేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మంచి మందే, కోట్లమంది వాడేదే. కాకపోతే ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. అందుకని అప్పుడప్పుడూ పరీక్ష చేయించుకోవాలి. ఆయన ప్రతి మూడు నెలలకూ షుగరు చూపించుకున్నారు, ఈ పరీక్ష సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ లోపానికి నిద్రలేమి తోడైంది, నిద్రమాత్రల మత్తు తోడైంది. మెదడు స్కానులో వయసుకు తగిన మార్పులే తప్ప ఇంకేమీ లేదు.

ఆవిడ రక్తపరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. థైరాయిడ్, బీ12 అన్నీ. స్కానులో మాత్రం జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ రెండు వైపులా కుంచించుకుపోయి కనిపించింది. 'అల్జీమర్స్ అయ్యే అవకాశమే ఎక్కువ' అన్నారు డాక్టరు. 'ఎక్కువ' అనే మాట కొడుక్కి నచ్చలేదు, అవునో కాదో తేల్చమన్నాడు. ఆ జబ్బులో అలా తేల్చడం అంత సులువు కాదు. మెదడులో పేరుకునే ప్రొటీన్లను చూపించే ఖరీదైన స్కాన్లున్నాయి. వెన్నులోంచి నీరు తీసి చేసే పరీక్ష ఉంది. రక్తంతో చేసే ఒక పరీక్షకు అమెరికాలో 2025లో అనుమతి వచ్చింది. అయినా చాలాచోట్ల ఇప్పటికీ డాక్టర్లు చేసేది ఇదే. ఇంట్లోవాళ్లను అడగడం, మనిషిని పరీక్షించడం, మిగతా కారణాలు ఒక్కొక్కటీ కాదనుకుంటూ రావడం.

ఆ పని మొదలుపెట్టిన పెద్దమనిషి కూడా అలాగే మొదలుపెట్టాడు. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు 51 ఏళ్ల అగస్టే డేటర్ ఎదురుగా కూర్చుని పేరేమిటి, భర్త పేరేమిటి, ఇప్పుడేం తింటున్నావు అని అడిగి, జవాబులన్నీ పొల్లుపోకుండా రాసుకున్నాడు. ఆమె 1906లో చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, అదే ఏడాది నవంబరులో సాటి డాక్టర్ల ముందు పెట్టాడు. ఆయన చేతిరాతతో ఉన్న ఆ ఫైలు ఎక్కడో పడిపోయి, 1995లో దొరికింది. జబ్బు నలుగురికీ తెలిసి వందేళ్లు దాటింది. 2023లో వచ్చిన ఓ పెద్ద సర్వే అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డెమెన్షియా ఉంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. వాళ్లలో డాక్టరు దాకా వెళ్లేదెందరు? మొగుళ్లు, కోడళ్లు, కూతుళ్లు కప్పిపుచ్చుతూ లాక్కొస్తున్నవాళ్లే ఎక్కువమంది అనుకోవాలి.

పెద్దాయనకు బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపకూడదని, కొద్దికొద్దిగా తగ్గిస్తూ రెండు నెలల్లో మాన్పించారు. ఆవిడకు రాసిన మాత్ర జబ్బును నయం చేసేది కాదు. కొంతకాలం కాస్త తేటగా ఉండటానికి పనికొస్తుందని డాక్టరు ముందే చెప్పారు. ఎక్కువ సమయం మందుల మీద కాక ఇంటి మీద మాట్లాడారాయన. పగలు మంచం మీద వాలనివ్వకుండా చిన్నచిన్న పనులు పెట్టండి, సాయంత్రం నడిపించండి, రాత్రి నిద్ర అదే సర్దుకుంటుంది. తప్పు చెప్తే దిద్దొద్దు, వాదించొద్దు. పర్సులో పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం ఉంచండి. గ్యాస్ సిలిండర్ దగ్గర కట్టేయండి. బ్యాంకు పనులు, కాగితాలు ఏమైనా ఉంటే ఆవిడకు తెలివిడి ఉన్నప్పుడే, ఆవిణ్ని అడిగే చేసుకోండి. చివరిగా, 'చూసుకునే మనిషి పడిపోతే ఇద్దరు రోగులవుతారు. మీ ఇంట్లో జరిగింది అదే' అన్నారు.

ఇద్దర్నీ విడదీయలేదు. దాని గురించి ఎవరూ గొప్పగా చర్చించుకోలేదు కూడా. కొడుకు నెలకు రెండు శనివారాలు వచ్చేట్టు, ఆ రెండు రోజులూ తండ్రి గుంటూరు వెళ్లి నిద్రపోయేట్టు ఒప్పందం. ఆయన అల్లుడి ఇంట్లో పడుకోవడానికి ఇబ్బందిపడ్డారు గానీ, మొదటి రాత్రే పదకొండు గంటలు నిద్రపోయారు. మూడో నెలకు వందలోంచి ఏడు తీస్తూ రెండు దాకా ఆగకుండా వెళ్లారు. బస్సులో ఫిరంగిపురం వచ్చిందని పక్కసీటు కుర్రాడికి చెప్పి మరీ దింపారు.

మనిషి తేరుకున్నాక బాకీలు గుర్తొస్తాయి. ఆయనకు ఒకటి ఉంది.

వాళ్లింట్లో పదకొండేళ్లు పనిచేసిన పనిమనిషిని 2023లో మాన్పించారు. ఆవిడ నల్లపూసలు కనిపించలేదు. ఈమే తీసిందని ఆవిడ వీధి వీధంతా వినేలా అరిచింది. ఆమె ఏడ్చి, పిల్లల మీద ఒట్టేసి, జీతం కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. ఇరవై రోజుల తర్వాత బియ్యం డబ్బా అడుగున నల్లపూసలు దొరికాయి. దొరికింది పెద్దాయన చేతికే. ఆ రోజే ఆయనకు భార్య సంగతి ఖాయంగా తెలిసింది. ఆమెను పిలిచి చెప్తే, మరి నల్లపూసలు బియ్యంలోకి ఎలా వెళ్లాయని అడుగుతుంది. అందుకని చెప్పలేదు. రెండేళ్లు.

ఆమె ఇంటికి ఒక్కరే వెళ్లారు. పాత జీతం కవర్లో పెట్టి తీసుకెళ్లారు. గుమ్మం దగ్గరే నిలబడి, జరిగింది చెప్పారు. ఆమె కవరు వైపు చూడలేదు.

'అమ్మగారికి బాలేదని నాకు అప్పుడే తెలుసయ్యగారూ. అంట్లు తోమావా అని పొద్దున నాలుగుసార్లు అడిగేది. కూరలో ఉప్పు వేసి, నా ముందే మళ్లీ వేసేది. మీకు చెబుదామనే అనుకున్నా. ఈలోపల దొంగదాన్నైపోయాను. నా మాట ఎవరు వింటారు?'

ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డారు. కుర్చీ తెచ్చి వేసింది, కూర్చోలేదు. పనిలోకి రమ్మని అడగడానికి నోరు రాలేదు. అడక్కుండానే తిరిగొచ్చేశారు. కవరు మాత్రం అరుగు మీద పెట్టి వచ్చారు.

తర్వాతి సోమవారం పొద్దున్నే గేటు చప్పుడైంది. వాకిట్లో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న పెద్దావిడ తలెత్తి చూసింది. కూతురి పేరు మర్చిపోయి నెలవుతోంది గానీ, ఈమెను చూడగానే పేరు పెట్టి పిలిచింది.

'ఏమే, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావ్? ఒక్కదాన్ని చేసుకోలేక చస్తున్నా.'

ఆమె ఒకసారి లోపలికి, గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన వైపు చూసింది.

'ఊరెళ్లానమ్మగారూ' అంది, చీపురు అందుకుంటూ.